మన యేటి పండుగలు – వాని వంటకములు

గడచిన దసరా సెలవులకు ముందొకనాడు ఎనిమిదవ తరగతిలో తెలుగు పాఠము ముగిసిన పిమ్మట కొంచెము కాలము మిగిలెను. ఆ కాలము వ్యర్థము కాకుండుటకై పిల్లల నొక ప్రశ్న యడిగితిని: “సంవత్సరములో తినుబండారము పేరుతోనే పిలువబడు దినములు ఏవేవి?” చిక్కడపల్లి నుండి వచ్చు నొక బాలిక తటాలున లేచి “అట్ల బతుకమ్మ” యనెను. నారాయణగూడ పిల్లవాడొకడు “అట్లతద్దె” యనెను. మఱియొకడు “కేకు పండుగ” యనగా తరగతి యంతయు నవ్వెను. వాడు చెప్పదలచినది క్రిస్మసు. అశోకనగరములో అన్నతోకూడ నొక అద్దెగదిలో నుండి చదువుకొనుచున్న బాలుడు మాత్రము చాలసేపు ఆలోచించి, “మా మెస్సులో బుధవారం గుడ్డు, ఆదివారం కోడికూర, సార్” అనెను. ఈసారి నవ్విన వారు లేరు.

వాని యన్న ప్రభుత్వోద్యోగపు పరీక్షలకు చదువుచున్నాడు. అట్టివారు మన అశోకనగరములో వేలకొలది కలరు. జిల్లాల నుండి వచ్చి, గదికి నలుగురైదుగురు చొప్పున నుండి, పగలు గ్రంథాలయములోను, రాత్రి దీపము క్రిందను గడపుచుందురు. వారికి పండుగ యనగా మెస్సు మూయబడు దినము. ఆ బాలుని సమాధానము నా మనస్సున నాటుకొనెను. ఈ వ్యాసమును ముఖ్యముగా వానికొఱకే వ్రాయుచున్నాను, తక్కినవారును చదువవచ్చును.

మొదట కాలగణనమును గూర్చి కొంత యెఱుగవలయును. మన వీధులలో ఒక్క పంచాంగము కాక నాలుగు నడచుచున్నవి. ఉగాది, బోనాలు, బతుకమ్మ, దీపావళి చంద్రుని ననుసరించును. చాంద్రమాన సంవత్సరమునకు సుమారు 354 దినములే గాన, ఋతువులతో పొత్తు చెడకుండ 19 ఏండ్లలో ఏడు అధిక మాసములను చేర్చుచుందురు. సంక్రాంతియు, రైతులు లెక్కించు కార్తెలును సూర్యుని ననుసరించును. సూర్యుడు ఇరువది యేడు నక్షత్రములలో ఒక్కొక్కదానియందు పదుమూడు పదునాలుగు దినము లుండును; ఆ కాలమునకే కార్తె యని పేరు. మహమ్మదీయుల హిజ్రీ సంవత్సరమును చాంద్రమానమే కాని దానియందు అధికమాసము లేదు. కావున రంజాను ఏటేట పది పదునొకండు దినములు ముందునకు జరిగి, సుమారు ముప్పది మూడేండ్లలో అన్ని ఋతువులను చుట్టివచ్చును. మీ తాతగారు వానకాలమున చేసిన యుపవాసమును మీరు మండుటెండలలో చేయవలసివచ్చుటకు కారణ మిదియే. నాలుగవది యింగ్లీషు క్యాలెండరు. డిసెంబరు 25 దానిలో కదలదు. ఈస్టరు మాత్రము క్రైస్తవుల పండుగయే యైనను చంద్రుని విడువక పున్నమను వెంబడించుచున్నది.

ఇక చైత్రమాసముతో ఆరంభింతము. ఉగాది పచ్చడి యందు వేపపువ్వు, క్రొత్త చింతపండు, క్రొత్త బెల్లము, మామిడికాయ, ఉప్పు, కారము చేరి ఆఱు రుచు లగునని మీరందఱును కంఠస్థము చేసియే యున్నారు. మీలో ఎందఱు గమనించితిరో కాని, ఆ పచ్చడి మన తరగతిలోనే రెండు విధములుగా నున్నది. కృష్ణా గోదావరి మండలముల నుండి వచ్చిన కుటుంబములవారు దానిని చిక్కగా చేసి అరచేతిలో వేసికొని నాకుదురు. తెలంగాణపు ఇండ్లలో క్రొత్తకుండలో పలుచగా కలిపి గ్లాసులతో త్రాగుదురు. ఆ దినపు పిండివంటయు అట్లే: ఒకరి బొబ్బట్టు మఱియొకరికి భక్ష్యము, వేఱొకరికి పోళె, ఇంకొకరికి ఓళిగ. శనగపప్పు, బెల్లము, పైపొర అన్నిట నొక్కటియే. పేరును బట్టి ఆ కుటుంబ మేవైపు నుండి హైదరాబాదు చేరినదో చెప్పవచ్చును. వేపపువ్వు మాత్రము కొనవలసిన వస్తువగుట నాకు వింతగా నున్నది. నా చిన్ననాట చెట్టు క్రింద గుడ్డ పఱచి కొమ్మను దులిపెడివారము. నేడు చిక్కడపల్లి కాలిబాటపై చారెడు పువ్వు ఆకుదొప్పలో నమ్ముదురు. శ్రీరామనవమి నాటి వడపప్పును పానకమును గూర్చి విస్తరించి చెప్పనక్కఱలేదు. నానిన పెసరపప్పు, మిరియముల పొడి కలిసిన బెల్లపు నీరు. ఎండలో నిలిచిన వానికి అంతకంటె మేలైనది లేదు.

జూను నెల మొదటి వారము దాటగానే, సుమారు 8వ తేదీని, మృగశిర కార్తె ప్రవేశించును. ఇది గుడికి సంబంధించిన పండుగ కాదు, వంటయింటి పండుగ. ఆనాడు తెలంగాణములో మాంసాహారుల యింట చేపల కూర యుండి తీరవలయును. మనకు సమీపమున నున్న రాంనగరు చేపల అంగడికి ఆ ఉదయము పోయి చూడుడు, నిలువ చోటుండదు. కొఱ్ఱమీను ధర ముందునాటి ధర కాదు. చేప తినని వారు ఇంగువను బెల్లములో కలిపి చిన్న యుండలుగా మ్రింగుదురు. రోహిణి కార్తె యెండలు పోయి తొలకరి చల్లదనము వచ్చునపుడు ఒడలికి వేడి కావలయునని పెద్దలు కారణము చెప్పుదురు. ఆ దినముననే నాంపల్లి ప్రదర్శన మైదానములో బత్తిని కుటుంబము వారు ఉబ్బసరోగులకు బ్రతికియున్న చిన్న చేపపిల్ల నోట మందు పెట్టి మ్రింగించుట లోకప్రసిద్ధము. దానికై ఉత్తరదేశము నుండి కూడ జనులు రైళ్లలో వత్తురు. ఆ మందు వలన ఉబ్బసము పోవునని శాస్త్రపరీక్షలచే నిరూపింపబడలేదు. కావున ఉబ్బసము గల విద్యార్థి వైద్యు డిచ్చిన మందును మానరాదు. ఆచారమును వర్ణించుట వేఱు, దానిని వైద్యముగా నమ్ముట వేఱు. ఈ భేదమును పాఠశాలలో నేర్వకున్న మఱెక్కడ నేర్తుము?

ఆషాఢ శుద్ధ ఏకాదశిని తొలి ఏకాదశి యందురు. ఉపవాసము ముగిసినప్పుడు పేలాలపిండి తినుట వాడుక. జొన్నలనో మొక్కజొన్నలనో వేయించి పేలాలు చేసి, విసరి, బెల్లము కలుపుదురు. దానిని నోట వేసికొని మాటలాడిన బాలుని ముందు నిలుచువాని గతి మీ రెఱుగుదురు.

ఆ మాసమందే బోనాలు. ‘బోనము’ అను మాట ‘భోజనము’ నుండి వచ్చినది. అనగా ఈ పండుగ పేరే అన్నము. క్రొత్తకుండలోనో ఇత్తడి పాత్రలోనో బియ్యము, పాలు, బెల్లముతో వండి, పాత్రకు పసుపు కుంకుమల నలది, వేపమండలు చుట్టి, పైన దీపము పెట్టి స్త్రీలు తలపై మోసికొని పోవుదురు. మొదటి బోనము గోలకొండ కోటలో జగదంబకు. తరువాత సికింద్రాబాదు ఉజ్జయినీ మహాకాళికి. ఆ పిమ్మట లాల్ దర్వాజ. ఈ మధ్య ఆదివారములందు బస్తీలెల్ల తమతమ యమ్మవార్లకు బోనము లెత్తును. మన ప్రాంతమువారు హుస్సేన్ సాగరపు కట్ట దిగువ నున్న కట్టమైసమ్మ వద్దకు పోవుదురు. చెఱువుకట్టను కాచు తల్లి గనుక కట్టమైసమ్మ. చెఱువు తెగిన అన్నము లేదు; కావున అన్నము తీసికొనిపోయి కట్ట దగ్గఱ పెట్టుటలో నొక తర్కము కలదు.

సికింద్రాబాదు బోనాలకు ఒక ఐతిహ్యము కలదు. 1813లో జంటనగరములలో కలరా వ్యాపించి జనులు మరణించుచుండగా, సైన్యముతో ఉజ్జయినికి పోయిన సురిటి అప్పయ్య యనువాడు, వ్యాధి తగ్గినచో అమ్మవారిని తమ యూర నిలుపుదునని మ్రొక్కుకొనెననియు, తిరిగివచ్చి 1815లో కొయ్య విగ్రహమును ప్రతిష్ఠించెననియు చెప్పుదురు. ఆ కాలమున కలరా యెట్లు వచ్చునో ఎవరికిని తెలియదు. అది చెడిన నీటి వలన వచ్చునని జాన్ స్నో అను వైద్యుడు లండను నగరమున ఒక వీధిపంపును సాక్ష్యముగా చూపినది 1854లో. హైదరాబాదు వాసులకు మంచినీరిచ్చుటకు ఉస్మాన్ సాగరము పూర్తియైనది 1920లో. ఈ మధ్యకాలమంతయు వానకాలము రాగానే తల్లులకు భయము. ఆ భయమును తలపై కుండగా ఎత్తికొని వీధిలో నడచిరి. నేడు బాజాల మ్రోతలో ఆ సంగతి మనకు స్ఫురింపదు. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడినప్పుడు బోనాలను, బతుకమ్మను రాష్ట్ర పండుగలుగా ప్రకటించిరి.

వినాయక చవితి కుడుములు, ఉండ్రాళ్లు మీ రెఱిగినవే. ఆవిరిపై ఉడికిన బియ్యపు రవ్వ కడుపునకు తేలిక యని మాత్రము చెప్పి ముందునకు పోవుచున్నాను. ఏలయనగా బతుకమ్మ వద్ద నిలువవలసియున్నది.

భాద్రపద అమావాస్య మొదలు తొమ్మిది దినములు జరుగు ఈ పండుగను బయటివారు పూల పండుగ యందురు. తంగేడు, గునుగు, బంతి, కట్ల, గుమ్మడి పూవులను పళ్లెరములో వరుసలుగా పేర్చుట చూచి ఆ పేరు పెట్టిరి, తప్పు కాదు. కాని దినముల పేర్లను చదువుడు. మొదటినాడు ఎంగిలిపూల బతుకమ్మ. నాటి నైవేద్యము నువ్వులు, బియ్యపుపిండి. పూవులను ముందునాడే కోసి యుంచుట చేత ఎంగిలి యనిరని కొందఱి మాట. రెండవనాడు అటుకుల బతుకమ్మ. మూడవనాడు ముద్దపప్పు బతుకమ్మ. నాలుగవనాడు నానబియ్యపు బతుకమ్మ. నానిన బియ్యము, పాలు, బెల్లము. అయిదవనాడు అట్ల బతుకమ్మ. ఆఱవనాడు అలిగిన బతుకమ్మ. ఆనాడు పూలు పేర్చుట లేదు, నైవేద్యమును లేదు. ఏడవనాడు వేపకాయల బతుకమ్మ. నిజమైన వేపకాయలు కావు, బియ్యపు పిండిని వేపకాయల వలె చేసి నూనెలో వేయింతురు. ఎనిమిదవనాడు వెన్నముద్దల బతుకమ్మ. నువ్వులు, బెల్లము, వెన్న. తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మ. పెరుగన్నము, పులిహోర, నిమ్మకాయ అన్నము, కొబ్బరి అన్నము, నువ్వుల అన్నము అను అయిదు సద్దులు, దానితో రొట్టెను నలిపి బెల్లము కలిపిన మలీదముద్దలు. కొన్ని యూళ్లలో ఏడవనాడే సద్దులు చేసి ముగింతురు.

తొమ్మిదింటిలో ఏడు పేర్లు వంటింటి నుండియే వచ్చినవి. ప్రపంచమున మఱియే పండుగకైన ఇట్లు వరుసగా దినమునకొక తినుబండారపు పేరు కలదేమో నే నెఱుగను. ఈ వరుసను నేను కొంతకాలము పరిశీలించి చూచితిని. మొదట వేయించి దంచు నువ్వులు, తరువాత పొయ్యి అక్కఱలేని అటుకులు, అటుపిమ్మట ఉడుకబెట్టు పప్పు, నానబెట్టు బియ్యము, పెనముపై పోయు అట్టు, నూనెలో వేయించు పిండి, ఉండ కట్టు వెన్నముద్ద, కడపట అన్నమును అయిదు విధముల కలుపుట. మొదటి దినములందు బతుకమ్మను వాడలోని చిన్నపిల్లలే ఎక్కువగా ఆడుదురు; నైవేద్యమును వారికే పంచుదురు. కావున ఇది ఆడుపిల్లకు వంట నేర్పు పాఠముల వరుస యేమో యని నా కొక ఊహ పొడమినది. మెట్టు మెట్టుగా కష్టము పెరుగుచున్నది. నడుమ నొక సెలవు దినము కూడ ఉన్నది! ఇది నా యూహయే గాని పెద్దల మాట కాదు. ఈ మాట చెప్పగా చిక్కడపల్లి బాలిక, “మగపిల్లలు కూడా నేర్చుకోవచ్చు గదా సార్” అని యడిగెను. నేర్వవలసినదే. అశోకనగరపు గదులలో వంట రాక బాధపడువారు మగపిల్లలే.

ఆంధ్రదేశమున ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్దె. కన్నెపిల్లలు చుక్క లుండగనే లేచి గోంగూరపచ్చడి, పెరుగుతో చద్ది తిని, పగలెల్ల నుపవసించి, ఉయ్యాల లూగి, చంద్రుని చూచిన పిమ్మట ముత్తైదువునకు పదునొకండు అట్లు వాయన మిత్తురు. వాయన మనగా ఇచ్చుట. తాను తినుటకు ముందు ఇంకొకరి చేతిలో పెట్టవలయును. తెలంగాణపు అట్ల బతుకమ్మకు, కోస్తా అట్లతద్దెకు నడుమ మూడు వారములైనను ఎడము లేదు. ఒకే అట్టు, రెండు పండుగలు. మన తరగతిలో రెండును ఒకే బల్లపై కూర్చున్నవి. కార్తికమున ఉసిరిచెట్టు నీడను వనభోజనము చేయుదురు. నగరములో ఉసిరిచెట్టు దొరకనివారు కొమ్మ నొకదానిని కొనివచ్చి తోటలో పాతి దాని ప్రక్క కూర్చుండుటయు కలదు.

సంక్రాంతి జనవరి 14ననో 15ననో వచ్చును. నక్షత్రములను బట్టి గణించుట చేత ఇది డెబ్బది రెండేండ్ల కొక దినము చొప్పున మెల్లమెల్లగా వెనుకకు జరుగుచున్నది. పూర్వ శతాబ్దములలో ఇంకను ముందే వచ్చెడిది. క్రొత్తబియ్యము ఇంటికి వచ్చిన కాలమగుటచే అన్నియు బియ్యపు పిండివంటలే. కోస్తావారు బెల్లపు పాకములో తడిపిండి కలిపి అరిసెలు వండి, చెక్కల నడుమ నొత్తి నూనె తీయుదురు. తెలంగాణమున సకినాలు. ఈ సకినమును గూర్చి కొంచెము చెప్పవలయును; ఏలయనగా ఇది యంత్రమునకు లొంగని వంట. బియ్యమును నానబెట్టి, నీరు వడియగా తడి ఆఱక మునుపే పిండి కొట్టవలయును. దానిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి నీళ్లతో తడిపి, కొంచెము పిండిని వ్రేళ్లనడుమ పట్టుకొని మెలిపెట్టుచు, గుడ్డమీద వలయముగా జాఱవిడుచుచు పోవలయును. వలయము చుట్టు వలయము, మూడో నాలుగో చుట్లు. గుడ్డ తడిని పీల్చుకొన్న తరువాత మెల్లగా నెత్తి నూనెలో విడుతురు. పిండి జారుడైన వలయము నిలువదు, గట్టిపడిన తెగును. చేయి మాత్రమే దానిని ఎఱుగును. ఒక్కరివలన కాని పని గాన వీధిలోని స్త్రీలు నేడు ఒకరి యింట, రేపొకరి యింట కూడి చుట్టెడివారు. మా తరగతిలో నలువదిమందిని అడుగగా సకినము తిననివాడు లేడు. చుట్టుట వచ్చిన వారి పిల్లలు తొమ్మండుగురు. ఆ తొమ్మండుగురిలో ఏడుగురికి అమ్మమ్మయో నాయనమ్మయో తప్ప అమ్మకు రాదు. తక్కినవారు పిండివంటల దుకాణములలో కిలో లెక్కను కొనుచున్నారు. కొనుట నేరము కాదు; ఉద్యోగము చేయు తల్లికి రెండు రాత్రులు గుడ్డముందు కూర్చుండు తీరిక ఎక్కడిది? అయినను ఆ యేడుగురు ముసలమ్మల వ్రేళ్లను తలచుకొన్నప్పుడు నాకు కొంత దిగులు కలుగుచున్నది.

తినుటయే కాదు, తినకుండుటయు ఆహారపు పండుగయే. శివరాత్రినాడు పగలెల్ల నేమియు తినక రాత్రి జాగరము చేయువారు చిలగడదుంపలను ఉడికించుకొందురు. క్రైస్తవులకు ఈస్టరుకు ముందు నలువది దినముల శ్రమకాలము. మహమ్మదీయులకు రంజాను మాసమంతయు తెల్లవారుజాము మొదలు సూర్యాస్తమయము వఱకు నీరైన ముట్టని యుపవాసము. సాయంకాలము ముషీరాబాదు వైపు పోయిన, మసీదు పిలుపు వినవచ్చువఱకు ఖర్జూరపు పండు చేత పట్టుకొని వేచియుండువారిని చూడవచ్చును. ఆ నెలలో నగరమంతట ఇటుకల పొయ్యిలు వెలసి హలీము వండుదురు. గోధుమలు, మాంసము, పప్పులు, నెయ్యి, మసాలాలు పెద్ద డేగిసలో ఎనిమిది పది గంటలు సన్నసెగపై నుడుకుచుండగా, ఇద్దఱు మనుష్యులు నిలుచుండి పెద్ద కొయ్య కవ్వములతో గ్రుద్దుచుందురు. మాంసమేదో గోధుమయేదో తెలియరాని దాక గ్రుద్దవలయును. ఇది అరబ్బుల హరీసు అను వంటకము నుండి పుట్టినది. నిజాము సైన్యమున పనిచేసిన అరబ్బుల సంతతివారుండు బార్కాసులో హరీసు నేటికిని దొరకును. ఆ ‘బార్కాసు’ అను పేరు సైనికుల ‘బారక్సు’ నుండి వచ్చినదే. 2010లో హైదరాబాదు హలీమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. మన దేశమున మాంసపు వంటకమునకు ఆ గుర్తింపు కలుగుట అదియే మొదలు. నెల నిండి నెలవంక కానవచ్చిన మఱునాడు షీర్ ఖుర్మా. పారసీకమున షీర్ అనగా పాలు, ఖుర్మా అనగా ఖర్జూరము. సేమ్యాను చేర్చినది వంటవారు. ఆనాడు ఉపాధ్యాయుల గదికి ఎన్ని గిన్నెలు వచ్చునో చెప్పిన తలిదండ్రులు నవ్వుదురు గాన చెప్పను.

క్రిస్మసునకు కేకు ముఖ్యమని పిల్లలనుకొందురు. కేకు దుకాణము నుండి వచ్చును. తెలుగు క్రైస్తవుల యింటి పిండివంటలు మాత్రము అరిసెలు, కజ్జికాయలు, గులాబి పువ్వులు. గులాబి పువ్వు కొఱకు ఇనుప అచ్చును మొదట కాగిన నూనెలో ముంచి, పిదప పిండిలో ముంచి, మరల నూనెలో పెట్టిన పువ్వు జాఱి విడివడును. అచ్చు చల్లనిదైన పిండి పట్టదు. సంక్రాంతికి వచ్చు అరిసెయే డిసెంబరునందును వచ్చును. పళ్లెము పోవు దిక్కు మాత్రము మాఱును. మెదకులోని మహాదేవాలయము మీలో పెక్కురు చూచియే యున్నారు. ఆ ప్రాంతము కఱవుచే పీడింపబడుచుండగా, చార్లెస్ వాకర్ పాస్నెట్ అను మిషనరీ 1914లో దాని నిర్మాణము మొదలుపెట్టి, పని చేసినవారికి తిండి దొరకునట్లు చేసెను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. రాతికట్టడమని చూచువారికి అది పదేండ్లపాటు కుండలో పడిన బియ్యమని తోచదు.

ఈ కాలమున మఱియొక జాతి ఆహారదినములు బయలుదేరినవి. ఇవి ఋతువును గాని దేవుని గాని అడుగవు, తేదీని అడుగును. వీనిలో గౌరవింపదగినవి కొన్ని కలవు. అక్టోబరు 16 ప్రపంచ ఆహార దినము. 1945లో ఆనాడే కెనడాలోని క్విబెక్ నగరమున ఐక్యరాజ్య సమితి యొక్క ఆహార వ్యవసాయ సంస్థ స్థాపింపబడెను. 1981 నుండి ఆ దినమును జరుపుచున్నారు. నవంబరు 26 జాతీయ పాల దినము. పాల సహకార సంఘములను దేశమంతట నిలిపిన వర్ఘీస్ కురియన్ 1921లో పుట్టిన దిన మది. 2023వ సంవత్సరమును మన దేశపు ప్రతిపాదనపై ఐక్యరాజ్య సమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. జొన్నరొట్టెను పేదతిండి యని తరతరములుగా చిన్నచూపు చూచినవారే ఆ యేడు దానిని హోటళ్లలో ఎక్కువ వెల యిచ్చి తినిరి. ఆహారశాస్త్రమును గూర్చి తెలిసికొనగోరు విద్యార్థులు దూరము పోనక్కఱలేదు. 1918లో కూనూరులో మెక్ కారిసన్ దొర చిన్న గదిలో ఆరంభించిన పరిశోధన పెరిగి, 1958లో మన తార్నాకకు వచ్చి, పిమ్మట జాతీయ పోషకాహార సంస్థ యైనది. అమెరికాలో ‘డోనట్ దినము’ అని యొకటి కలదని విని నేను నవ్వితిని. తరువాత చదువగా, మొదటి ప్రపంచయుద్ధమున సైనికులకు ఆ తీపివడలు వండి పెట్టిన స్త్రీల జ్ఞాపకార్థము 1938లో షికాగో నగరమున సాల్వేషన్ ఆర్మీవారు దానిని ఆరంభించిరని తెలిసెను. నవ్వినందుకు కొంచెము సిగ్గుపడితిని.

ఇప్పుడు అశోకనగరపు బాలుని మాట. వాడు చెప్పినదియు పంచాంగమే. బుధవారము, ఆదివారము అను రెండే పండుగలు గల పంచాంగము. ఒక సాయంకాలము వానితో వాని గదికి పోతిని. గోడమీద భారత రాజ్యాంగపు అధికరణముల పట్టిక, దాని ప్రక్క మెస్సువారి పట్టిక. వాని యన్న మర్యాదగా లేచి, కూర్చుండుటకు పుస్తకములు జరిపి చోటు చేసెను. పరీక్ష వాయిదా పడినప్పుడు ఇంటినుండి మఱల డబ్బడుగుటకు మొగము చెల్లదనియు, అట్టి నెలలలో మధ్యాహ్నము నగరపాలక సంస్థవారు 2014 నుండి నడపుచున్న అయిదు రూపాయల భోజనముతో సరిపెట్టుకొందుననియు చెప్పెను. ఆ అన్నము బాగుండునని కూడ చెప్పెను, ఫిర్యాదు చేయలేదు. పోయిన సద్దులనాడు ఏమి తింటివని యడిగితిని. ఆ దినము మెస్సు లేదు గాన అరటిపండ్లు తిని, రాత్రి ఇందిరా పార్కు వైపు నుండి వినవచ్చు బతుకమ్మ పాటలు వినుచు చదువుకొంటి ననెను. వాని తల్లి ఊరిలో ఆ రాత్రి అయిదు సద్దులు కలిపియే యుండును.

నేను తరగతిలో ఈ సంగతి చెప్పలేదు. పిల్లలకు మాత్రము ఒక పని యిచ్చితిని: సంక్రాంతి సెలవులలో ఇంటి పెద్దలను అడిగి ఒక్క పండుగవంటను చూచి, కొలతలతో సహా వ్రాసికొని రావలయునని. ముప్పదియొక్కరు వ్రాసితెచ్చిరి. “తగినంత” అను మాట లేని పుస్తకము ఒక్కటియు లేదు, ముసలమ్మలెవ్వరును కొలువరట.

పాఠశాల మరల తెఱచిన దినమున అశోకనగరపు బాలుడు పుస్తకముతో పాటు ఒక నూనెడబ్బాను కూడ తెచ్చెను. అన్న చదువు మాని రాలేదు గాన వీడొక్కడే ఊరికి పోయివచ్చెను. వాని తల్లి ఇద్దఱికిని రెండు డబ్బాలు కట్టినదట. “అన్నది అన్నకిచ్చిన, ఇది నాది సార్” అని మూత తీసెను. బస్సులో కుదుపునకు సగము సకినములు విఱిగియుండెను. విఱిగినవి మొదట పంచితిమి. చిక్కడపల్లి బాలిక చెడని దాని నొకదానిని అరచేతిలో పెట్టుకొని వలయములు లెక్కించి, “మా నాయనమ్మ నాలుగు చుట్లు పెడుతుంది, ఇది మూడే” అనెను. “మా అమ్మ మూడే పెడుతుంది” అని వాడు బదులు చెప్పి, ఆ సకినమును ఆమె చేతిలోనే యుంచెను.